తరంగంబాడిలో చారిత్రక కట్టడాల పునరుద్ధరణ: ఏ కాలం, ఎవరి పట్టణం?

వ్యాససంగ్రహం

తమిళనాడు తీరంలోని తరంగంబాడి, మధ్యలో కొద్దికాలం సాగిన బ్రిటిష్ ఆక్రమణ మినహా, 1620 నుంచి 1845 వరకు డేనిష్ వర్తక స్థావరం. 2000 తర్వాత అక్కడ కోట, బంగళాలు, పాత వీధి ఇళ్లు పునరుద్ధరణకు నోచుకున్నాయి. ఆ పనుల నేపథ్యాన్ని, నిర్మాణ పద్ధతులను, సునామీ అనంతరం తీరవాసుల స్థితిని కలిపి ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పునరుద్ధరణకు ఎంచుకునే కాలం, యాజమాన్యం, పనివారి నైపుణ్యం అనే మూడు అంశాలే చిన్న పట్టణాల పునరుద్ధరణ స్వభావాన్ని నిర్ణయిస్తాయని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: తరంగంబాడి, డాన్స్‌బోర్గ్ కోట, రఘునాథ నాయకుడు, వారసత్వ పరిరక్షణ, గానుగ సున్నం, సునామీ.

1. ఉపోద్ఘాతం

పాత కట్టడాన్ని బాగుచేయబూనినవారు ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. దానిని ఏ కాలపు రూపానికి తీసుకురావాలి? ఒంటరిగా నిలిచిన గుడికో కోటకో ఈ ప్రశ్న కొంత సులువు. జనం కాపురముంటున్న పట్టణ నడిబొడ్డుకు వచ్చేసరికి అది జటిలమవుతుంది. అక్కడ ఒక్కో వీధిలో అనేక కాలాలు కలిసి ఉంటాయి. ఒక కాలాన్ని ముందుకు తెస్తే మరొకటి వెనక్కి జరుగుతుంది. కావేరీ డెల్టా తీరాన, నేటి మయిలాడుతురై జిల్లాలో ఉన్న తరంగంబాడి ఈ సమస్యను అధ్యయనం చేయడానికి తగిన ఉదాహరణ. ఐరోపా పత్రాల్లో ఈ ఊరి పేరు ట్రాంక్‌బార్.

2. బంగారు రేకు మీద తెలుగు సంతకం

డేన్‌లు రాకముందే తరంగంబాడి రేవు పట్టణం. పాండ్యరాజు కులశేఖరుని కాలంలో, 1306 ప్రాంతంలో వెలసిన మాసిలామణినాథర్ ఆలయం ఇందుకు సాక్ష్యం. దాని ముందుభాగం శతాబ్దాల కోతకు గురై చాలావరకు సముద్రంలో కలిసిపోయింది.

డెన్మార్క్ రాజు నాలుగవ క్రిస్టియన్ ప్రోత్సాహంతో 1616లో డేనిష్ ఈస్టిండియా కంపెనీ ఏర్పడింది. 1620 నవంబరులో ఆ దేశపు నౌకాధిపతి ఓవ్ గెడ్డే తంజావూరు పాలకుడు రఘునాథ నాయకునితో ఒప్పందం కుదుర్చుకున్నాడు. ఏటేటా కప్పం చెల్లించే షరతుపై డేన్‌లకు ఇక్కడ కోట కట్టుకొని వర్తకం చేసుకునే హక్కు లభించింది. ఆ సందర్భంలో రఘునాథుడు డెన్మార్క్ రాజుకు పంపిన బంగారు రేకు లేఖ నేటికీ కోపెన్‌హాగెన్‌లోని జాతీయ పత్రాగారంలో ఉంది. లేఖ తమిళంలో ఉండగా, సంతకం తెలుగులో ఉంది. చేమకూర వేంకటకవి ‘విజయవిలాసము’ను అంకితం పొందిన రాజు ఇతడే. తమిళ ప్రజలు, తెలుగు పాలకుడు, డేనిష్ వర్తకులు ఒకే పత్రంలో కలిసిన పట్టణమిది.

తెలుగు ముద్రణ చరిత్రకూ ఈ ఊరితో సంబంధముంది. 1719లో తరంగంబాడి మిషన్‌కు వచ్చిన బెంజమిన్ షుల్జ్ తర్వాత మద్రాసులో పనిచేసి తెలుగుకు వ్యాకరణం రాశాడు. జర్మనీలోని హాలే నగరంలో 1740ల మధ్యలో వెలువడిన తొలి తెలుగు ముద్రిత పుస్తకాలు ఆయన కృషి ఫలితమే.

3. క్షీణతే రక్షణగా

1845లో డెన్మార్క్ తరంగంబాడిని, బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌ను కలిపి పన్నెండున్నర లక్షల రూపాయలకు ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీకి అమ్మింది. 1860ల ప్రారంభంలో నాగపట్టణం రేవుకు రైలుమార్గం రావడంతో సరుకు రవాణా అటు మళ్లింది. తరంగంబాడి వర్తకం క్షీణించింది. పాత ఇళ్లు పడగొట్టి కొత్తవి కట్టేటంత సంపద ఊళ్లో మిగలలేదు. 1792 నాటి పట్టణద్వారం, దాని నుంచి సముద్రం వైపు సాగే రాజవీధి, 1701 నాటి సియోను చర్చి, 1718 నాటి న్యూ జెరూసలెం చర్చి, కంసాలి వీధిలోని చిన్న ఇళ్లు దాదాపు పాత క్రమంలోనే నిలిచాయి. పేదరికం కాపాడిన వారసత్వాన్ని డబ్బు చేరిన తర్వాత కాపాడుకోవడం వేరే సమస్య. ఆ దశ 2000 తర్వాత మొదలైంది.

4. పునరుద్ధరణ క్రమం

డాన్స్‌బోర్గ్ కోట 1970ల చివరి నుంచి రాష్ట్ర పురావస్తుశాఖ అధీనంలో ప్రదర్శనశాలగా ఉంది. ఈ శతాబ్ది ఆరంభంలో డేనిష్ సహకారంతో కోటకు మరమ్మతులు జరిగాయి. బ్రిటిష్ కలెక్టరు నివసించిన తీరపు బంగళాను నీమ్రాణా సంస్థ బాగుచేసి 2004లో హోటల్‌గా తెరిచింది. అదే ఏడాది డిసెంబరు 26న వచ్చిన సునామీ నాటి నాగపట్టణం జిల్లాలో ఆరువేలకు పైగా ప్రాణాలను బలిగొంది.

విపత్తు తర్వాత ఇన్‌టాక్ సంస్థ, డెన్మార్క్‌కు చెందిన బెస్ట్‌సెల్లర్ ఫౌండేషన్ తోడ్పాటుతో, కంసాలి వీధిలోని సామాన్యుల ఇళ్లను పునరుద్ధరించింది. కోట ఎదుటి గవర్నరు బంగళా పునరుద్ధరణలో డెన్మార్క్ జాతీయ మ్యూజియం పాలుపంచుకుంది. వీటిలో కంసాలి వీధి పని ప్రత్యేకంగా గమనార్హం. అక్కడ బాగుపడినవి ముందు అరుగు, కొయ్య స్తంభాలు, లోపల మండువా, నాటుపెంకుల కప్పు ఉన్న స్థానిక ఇళ్లు. వలసకాలపు భవనాలతో పాటు ఊరివారి గృహవాస్తు కూడా వారసత్వమేనన్న గుర్తింపు ఆ పనిలో కనిపిస్తుంది.

5. గానుగ సున్నం, సిమెంటు

తరంగంబాడి కట్టడాలకు ప్రధాన శత్రువు సముద్రపు ఉప్పు. సున్నపు పూత తడిని ఆరనిస్తుంది. గోడలోకి దిగిన ఉప్పు తడితో పాటు బయటికి వచ్చి పూతలోనే స్ఫటికమవుతుంది. కాలక్రమాన పూత రాలుతుంది, గోడ మిగులుతుంది. సిమెంటు పూత తడిని లోపలే బంధిస్తుంది. అప్పుడు ఉప్పు ఇటుకలోనే స్ఫటికమై దానిని పిండి చేస్తుంది. పైకి గట్టిగా కనిపించే మరమ్మతు లోపలి గోడను తినేస్తుంది.

కప్పు విషయంలోనూ ఇంతే. మద్రాసు టెర్రస్ పద్ధతిలో దూలాలపై వాసాలు వేసి, పలుచని చిన్న ఇటుకలను అంచుపై నిలిపి ఏటవాలు వరుసల్లో సున్నంతో పేరుస్తారు. దానిపై ఇటుకముక్కల సున్నపు కాంక్రీటు పరిచి రోజుల తరబడి దిమ్మిస కొడతారు. కరక్కాయ, బెల్లం నానవేసిన నీళ్లు కలపడం సంప్రదాయం. ఈ పనికి వేగం పనికిరాదు. పూతకూ పూతకూ మధ్య ఆరే గడువు కావాలి. చేయి తిరిగిన మేస్త్రీ కావాలి. సిమెంటు మేస్త్రీకి ఊరూరా పని ఉంది. సున్నం మేస్త్రీకి మాత్రం పునరుద్ధరణ పథకం ఉన్నప్పుడే పిలుపు వస్తుంది. అందువల్ల ఒక భవనం పూర్తయ్యాక ఆ నైపుణ్యం మరో భవనానికి చేరకపోతే, తర్వాతి మరమ్మతు మళ్లీ సిమెంటుతోనే జరుగుతుంది.

6. తీరం ఎవరిది?

సునామీ తర్వాత తమిళనాడు ప్రభుత్వం సముద్రానికి 200 మీటర్ల లోపు నివసించేవారికి లోతట్టున కొత్త ఇల్లు ఇచ్చే పథకం చేపట్టింది. దానికి ప్రతిగా వారు తీరంలోని స్థలాన్ని వదులుకోవాలి. అలలకు దూరంగా కాంక్రీటు కాలనీలు వెలిశాయి. వలలు, పడవలు తీరంలో, కాపురం లోతట్టున అయ్యే స్థితి మత్స్యకారులకు కలిగింది. అదే తీరంలో బంగళాలు పర్యాటకుల కోసం సిద్ధమయ్యాయి. ఈ రెండింటికీ కారణాలు వేరు, చట్టాలు వేరు, సంస్థలు వేరు. కానీ ఊరి పటంపై వాటి ఫలితాలు పక్కపక్కనే కనిపిస్తాయి. ప్రమాదం పేరుతో ఒకరు కదలవలసిన తీరంలో వారసత్వం పేరుతో మరొక కట్టడం స్థిరపడింది.

కథనం విషయమూ ఇటువంటిదే. కోట, ద్వారం, గవర్నరు నివాసం ముందు నిలబడిన సందర్శకునికి ఈ ఊరు డేనిష్ పట్టణంగానే అర్థమవుతుంది. రేవును నడిపిన తమిళ, ముస్లిం వర్తకులు, కప్పం అందుకున్న తంజావూరు ప్రభువులు, తీరపు మత్స్యకారులు ఆ దృశ్యంలో అంచులకు చేరతారు. హెలె యోర్గెన్‌సెన్ 2014లో వెలువరించిన గ్రంథానికి ‘ట్రాంక్‌బార్: ఎవరి చరిత్ర?’ అనే అర్థమిచ్చే శీర్షిక ఉంచడంలోని ఔచిత్యం ఇక్కడ బోధపడుతుంది. కట్టడాలకు నిధులిచ్చే దేశం తన స్మృతిని వెతుక్కోవడం సహజం. మిగిలిన స్మృతులకు స్థానం కల్పించడం స్థానిక విద్యాసంస్థల, పురావస్తుశాఖల బాధ్యత.

7. ముగింపు

ఈ పరిశీలన నుంచి తేలే అంశాలు:

1. తరంగంబాడి పాత పట్టణం నిలవడానికి తొలి కారణం వర్తక క్షీణత. పరిరక్షణ విధానం చాలా తర్వాత వచ్చింది.

2. పునరుద్ధరణలో వలసకాలపు అధికార భవనాలకు ప్రాధాన్యం దక్కింది. కంసాలి వీధి ఇళ్ల పునరుద్ధరణ దీనికి విలువైన మినహాయింపు.

3. సున్నం పని నేర్చిన మేస్త్రీలకు నిరంతరం పని దొరికినప్పుడే పునరుద్ధరణ ఫలితం నిలుస్తుంది. భవనంతో పాటు ఆ వృత్తినీ పరిరక్షణ ప్రణాళికలో చేర్చాలి.

4. తీర భద్రత, గృహవసతి, వారసత్వం అనే మూడు విధానాలను వేర్వేరుగా అమలుచేస్తే నష్టపోయేది పాత పట్టణంలో పుట్టి పెరిగినవారే.

5. కోపెన్‌హాగెన్‌లోని బంగారు రేకు ప్రతిరూపాన్ని, దానిపైని తెలుగు సంతకం వివరణతో సహా, కోట ప్రదర్శనశాలలో ప్రముఖంగా చూపితే సందర్శకునికి ఈ పట్టణపు ఆరంభం సరిగా అర్థమవుతుంది. తంజావూరు నాయకరాజుల సాహిత్యంపై పరిశోధిస్తున్న తెలుగు విద్యార్థులు ఆ వివరణను సిద్ధం చేయడానికి అర్హులు.