కుంకుమపువ్వు

ఐరిస్ కుటుంబానికి చెందిన క్రోకస్ సటైవస్ అనే చిన్న మొక్క పూలలోని ఎర్రని కీలాగ్రాలను, అంటే పుప్పొడిని స్వీకరించే కొసలను, ఎండబెట్టగా వచ్చే సుగంధద్రవ్యం కుంకుమపువ్వు. ఈ మొక్క విత్తనం కట్టదు కనుక దుంపల ద్వారానే దీన్ని పెంచుతారు. కాశ్మీరులోని పాంపోర్ పరిసరాల్లో, కరేవాలనే మెట్టనేలల్లో నాటిన దుంపల నుంచి అక్టోబరు, నవంబరు నెలల్లో ఊదారంగు పూలు వస్తాయి. ఎండెక్కితే అవి వాడిపోతాయి గనుక తెల్లవారుతూనే కోసి, ఒక్కో పూవు నుంచి మూడేసి కీలాగ్రాలను చేతితోనే తుంచుతారు. గ్రాము సరుకుకు సుమారు 150 పూలు కావాలి. దాని అధిక ధరకు ఈ శ్రమే ప్రధాన కారణం. దీని పసుపు రంగు క్రోసిన్ అనే రసాయనం వల్ల, చిరుచేదు పిక్రోక్రోసిన్ వల్ల, సువాసన ముఖ్యంగా సఫ్రనాల్ వల్ల కలుగుతాయి. కాశ్మీరీ తేనీరైన కహ్వాలోను, బిర్యానీలోను, పాయసాల్లోను దీన్ని వాడతారు. తెలుగునాట గర్భిణులకు పాలలో కలిపి ఇచ్చే ఆచారం ఉన్నా, దానివల్ల బిడ్డ మేనిఛాయ మారుతుందన్న నమ్మకానికి శాస్త్రీయాధారం లేదు.