దస్కతు కాని కాయిదం

ఇంకో రెండు పిడకలెయ్యి బిడ్డా, మంట ఆరుతున్నది. మంజీర మీంచి గాలి కొడ్తున్నది. దగ్గరికి జరుగుండ్రి.

నిన్న అడిగితివి గద, లడాయి లేకుండ నైజాం రాజ్యం హిందుస్తాన్ల కలుస్తుండెనా తాతా అని. కలుస్తుండె. నా మనసుకైతే ఒక్క దస్కతు దూరంల ఆగిపోయింది. ఆ కాయిదం కోసం ఢిల్లీకి, పట్నానికి తిరిగింది మనోడు కాదు, ఇంగ్లాండు దొర. వాల్టర్ మాంక్టన్ ఆయన పేరు.

1891ల పుట్టిండు. మొదటి పెద్ద లడాయిల ఫౌజుల కొట్లాడి, వచ్చినంక వకీలైండు. 1936ల వాళ్ల ఎడ్వర్డ్ రాజు ఒక ఆడమనిషిని పెండ్లాడుతా అని గద్దె ఇడిసిండు. అప్పుడు రాజుకు, వజీరు బాల్డ్విన్‌కు నడుమ మాటలు మోసింది ఈయననే. మన నిజాం ఉస్మాన్ అలీఖాన్‌కు గూడ సలహాలు జెప్పేటోడు. కొలువు చూస్తే వకీలు, చేసే పని చూస్తే రాయబారం.

మాది అప్పుడు బీదర్ జిల్లా, ఖేడ్ తాలూకా. నాకు తొమ్మిదో పదో ఏండ్లు. మా నాయిన పట్వారి దగ్గర లెక్కలు రాసేటోడు. నాలుగు రోజులు పాతబడ్డంక గోలకొండ పత్రిక మా ఊరికి అందేది. చావడి గద్దె మీద కూసోని నాయిన గట్టిగ చదువుతుంటె, సదువు రానోళ్లందరు చుట్టు కూసునేది. మాంక్టన్ పేరు నేను ఇన్నది అట్లనే. మా అవ్వ నోటికి ఆ పేరు రాకపోయేది, ‘మంకటయ్య’ అనేది.

1947 జూన్‌ల నిజాం ఫర్మానా ఇచ్చిండు, ఇటు హిందుస్తాన్ల కలువ, అటు పాకిస్తాన్ల కలువ అని. నాలుగు దిక్కుల హిందుస్తాన్ ఉన్నది, నడుమ మనం. గట్ల ఎన్నొద్దులు నిలుస్తం? ఆ సంగతి మాంక్టన్‌కు తెలుసు. ఢిల్లీల లాట్ సాబ్ మౌంట్‌బాటెన్ ఆయనకు పాత దోస్తు. తినేది నిజాం ఫీజు, అయినా ఎదుటోని మాట చెవిన బెట్టే మనిషి. మన దగ్గర పొలంగట్టు పంచాతికి పెద్దమనిషిని పిలుస్తే, పిలిచినోని పక్కనే కూసుంటడు, గని గట్టు ఎక్కడున్నదో మరువడు. అసొంటోడు.

ఏడాది పాటు ఉన్నది ఉన్నట్లే నడువాలె అని ఒక ఒప్పందం తయారైంది. యథాతథ ఒడంబడిక అంటరు. నిజాం వజీర్ల సభల ఆరుగురు సరే అన్నరు, ముగ్గురు వద్దన్నరు. ఇగ పొద్దుగాల ఢిల్లీకి పోవుడే. అక్టోబర్ 27, తెల్లారక ముందే వేల మంది జమై, నిజాం తరఫున ఢిల్లీకి పోవాల్సిన ఛత్తారి నవాబు, మాంక్టన్, సుల్తాన్ అహ్మద్, ముగ్గురి ఇండ్లను చుట్టుముట్టిండ్రు. లాతూరు వకీలు కాసిం రజ్వీ మనుషులు వాళ్లు. ప్రయాణం ఆగింది. నిజాం ఆ గుంపును కాదనలేకపోయిండు. ముగ్గురూ కొలువులకు రాజీనామా ఇచ్చిండ్రు. వేరేటోళ్లు పోయి బేరం జేసి, తిరిగి తిరిగి నవంబర్ 29న అదే మాట మీద దస్కతు జేసిండ్రు. నెల దినాలు పోయినయి, నమ్మకం గూడ పోయింది.

ఆ సాలు మరువను. 1948 ఎండాకాలం. ఆ రజ్వీ రజాకార్లు ఎక్కడ దిగుతరో తెల్వదు. మే నెలల మా జిల్లాలనే, గోర్టాల మనుషులను సంపిండ్రు. ఆ కబురు ఇన్న రాత్రి మా అమ్మ జొన్నపిండి, ఉప్పు, రెండు చీరెలు మూటగట్టి తలుపెనుక కొయ్యకు తగిలిచ్చింది. ఎప్పుడు ఉరకాల్నో అని. నేను ఆ మూటనే చూసుకుంట పండుకునేది.

మాంక్టన్ మల్ల వచ్చిండు అప్పటికే. జూన్‌ల ఆఖరి మసౌదా ఒకటి తయారైంది. జనం ఓటుతోని తేల్చాలె, జనం సర్కారు రావాలె, రజాకార్లను ఇడగొట్టాలె అని అండ్ల ఉండె. సర్దార్ పటేల్ పాణం బాగలేక డెహ్రాడూన్ల ఉంటే, మౌంట్‌బాటెన్ ఆడికి పోయి ఒప్పిచ్చిండు. అంత గట్టి మనిషి ఒప్పుకున్నంక ఇంకేం గావాలె? నిజాం ఒప్పుకోలే. మౌంట్‌బాటెన్ జూన్ 21న దేశం ఇడిసిపోయిండు. మాంక్టన్ రాయబారం ముగిసింది. చిన్నప్పటి సంది ఎన్నిసార్లు కృష్ణ రాయబారం ఆట చూసిన్నో, ఆడ దుర్యోధనుడు వద్దన్నప్పుడల్లా నాకు ఈ కాయిదమే యాదికొస్తది.

అప్పట్లనే ఇంకో తెల్లదొర గూడ నిజాం కొలువుల ఉండె, ఆస్ట్రేలియా ఆయన, సిడ్నీ కాటన్. కరాచీ నుంచి ఇమానాలల్ల తుపాకులు తెచ్చి దించేటోడు. ఒకడు కాయిదాలు మోసిండు, ఒకడు తుపాకులు మోసిండు. నిజాం రెండోటోని సామాను నమ్ముకున్నడు.

సెప్టెంబర్ 13న హిందుస్తాన్ ఫౌజు వచ్చింది. సోలాపూర్ తొవ్వల హుమ్నాబాద్, జహీరాబాద్ మీదుగ. నాలుగైదు రోజులల్ల అంతా అయిపాయె. మేం సంబరపడ్డం, అబద్ధం ఆడ. గని ఆ తర్వాత జరిగింది గూడ చెప్పాలె బిడ్డా, సగం చెప్పి ఊకుంటే పాపం. ఎన్నడు ఎవల జోలికి పోని తుర్కోళ్ల ఇండ్ల మీద పడ్డరు జనం. తర్వాత వచ్చి తిరిగి చూసిన సుందర్‌లాల్ పండితుని కమిటీ 27 వేల నుంచి 40 వేల పాణాలు పోయినయని అంచనా గట్టింది. ఎక్కువ నాశనమైన నాలుగు జిల్లాలు ఉస్మానాబాద్, గుల్బర్గా, నాందేడ్, మన బీదర్. ఆ జూన్‌ల దస్కతు అయితే వాళ్లంతా వాళ్ల ఇండ్లల్ల పండుకుంటుండె.

మాంక్టన్ వాళ్ల దేశంల మంత్రి అయిండు. 1956ల ఫౌజు మంత్రిగ ఉన్నప్పుడు, వాళ్ల సర్కారు సూయజ్ కాలువ కోసం ఈజిప్టు మీదికి పోతుంటె ఇది మంచిది గాదన్నడు. అక్టోబర్‌ల ఆ పదవి ఇడిసిపెట్టిండు. పక్క నెలలనే, నవంబర్ 1న, హైదరాబాద్ రాష్ట్రం ఇడిపోయింది, మన ఖేడ్ బీదర్‌ను ఇడిసి మెదక్ జిల్లాల కలిసింది. 1965ల ఆయన సచ్చిపోయిండు. కల్హేర్ అనే మన ఊరొకటి ఉన్నదని ఆయనకు తెల్వనే తెల్వదు.

మా అమ్మ ఆ మూట దీపావళికి ఇప్పింది. జొన్నపిండికి పురుగు వట్టింది. దూడకు పోసింది.