అడవి సంతలో ఉప్పు

భద్రాచలమున గోదావరి యొడ్డున నిలిచి చూచినచో, అడవులలో కురిసిన వాననీరంతయు సముద్రమువైపునకు సాగిపోవుట కనుపించును. ఉప్పు మాత్రము సముద్రతీరమునుండి ఎదురువచ్చి ఈ అడవులకు చేరుచున్నది. కోయలును కొండరెడ్లును చింతపండు, ఇప్పపూవు సంతకు తెచ్చి ఉప్పు కొనిపోవుట చిరకాలపు వాడుక. ఆ ఉప్పునకును మన కంఠములోని ఒక చిన్న గ్రంథికిని గల సంబంధమును మేమిచ్చట ముచ్చటింపదలచితిమి.

దానిని థైరాయిడ్ గ్రంథి లేక అవటు గ్రంథి యందురు. స్వరపేటికకు దిగువ, శ్వాసనాళమునకు ముందు, రెక్కలు విప్పిన సీతాకోకచిలుకవలె నుండును. తూకము ఇంచుమించు 20 గ్రాములు. ఇది ఆహారములోని అయొడిన్‌ను గ్రహించి థైరాక్సిన్ మున్నగు హార్మోనులను తయారుచేసి రక్తములోనికి విడుచును. దేహపు వేడిమి, గుండె వేగము, పిల్లల ఎదుగుదల వీనిపై ఆధారపడియున్నవి. వానలు, వరదలు కడిగివేసిన నేలలో అయొడిన్ కొరవడును. అట్టి నేలలో పండిన పంటలోను కొరవడును. అపుడు మెదడు క్రిందనున్న పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌ను మరింత పనిచేయుమని తొందరపెట్టును. ఆ ఒత్తిడికి గ్రంథి పెరిగి మెడ ఉబ్బును.

ఈ వ్యాధిని సుశ్రుత సంహిత గళగండమని పేర్కొన్నది. 1811లో ఫ్రాన్సు దేశీయుడు కూర్త్వా సముద్రపు నాచు బూడిదనుండి అయొడిన్‌ను కనుగొనెను. 1820లో జెనీవా వైద్యుడు క్వాండే దానిని గళగండమునకు మందుగా వాడెను. 1895లో జర్మనీలో బౌమన్ ఆ పదార్థము ఈ గ్రంథిలోనే యున్నదని కనుగొనెను. 1914లో అమెరికాలో కెండల్ థైరాక్సిన్‌ను వేరుచేసెను.

మన దేశమున ఈ విజ్ఞానమును ఇంటింటి వంటకు చేర్చినవారిలో ముఖ్యుడు తెలుగువాడు. శ్రీకాకుళమున జన్మించిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి సహచరులతో కూడి 1956 నుండి హిమాలయ ప్రాంతపు కాంగ్రా లోయలో అయొడిన్ కలిపిన ఉప్పు నిప్పించి, గళగండము తగ్గుట నిరూపించెను. 1962లో జాతీయ గళగండ నియంత్రణ కార్యక్రమము ప్రారంభమైనది. అయొడిన్ లేని ఉప్పును తినుటకై అమ్మరాదని 2006లో దేశమంతట నిషేధము వచ్చినది.

ఇది మెడ అందమునకు సంబంధించిన మాట మాత్రమే కాదు. గర్భిణికి అయొడిన్ చాలనిచో కడుపులోని శిశువు మెదడు సరిగా ఎదుగదు. ఆ నష్టము పిదప పూర్తిగా పూడదు. 70 ఏండ్ల జీవితమునకు కావలసిన అయొడిన్ అంతయు కూడి నాలుగు గ్రాములకు మించదు. కాని ఏనాటి దానిని ఆనాడు అందుకొనవలెను.

సముద్రపు ఉప్పులో సహజముగా నుండు అయొడిన్ మిక్కిలి స్వల్పము. దానిని కలిపిననే ప్రయోజనము. కలిపినదియు తేమ తగిలిన తరిగిపోవును. సంతలో తడిసిన ఉప్పును, మూతలేని కుండలోని ఉప్పును నమ్మరాదు. పొట్లముపై అయొడిన్ పేరు చూచి కొందము; మూతగల జాడీలో పొడిగా దాచుకొందము.