బెంగ ఎవరి మీద

తెలుగులో భయం వేస్తుంది. చలి వేస్తుంది, ఆకలి వేస్తుంది, దాహం వేస్తుంది. ఆ వరసలోనే భయమూ వేస్తుంది. "నాకు భయం వేసింది" అన్న వాక్యంలో కర్త భయమే. నేను 'నాకు' అంటూ ఓ పక్కన నిలబడి ఉన్నాను, అది వచ్చి తగిలింది, అంతే. బెంగ సంగతి వేరు. మా కోనసీమలో బెంగ పెట్టుకుంటారు. "పిల్లాడు బెంగెట్టుకున్నాడండి", "ఊరికే బెంగెట్టుకోకే తల్లీ" అనే మాటలు అమలాపురంలోనైనా రాజోలులోనైనా రోజూ చెవిన పడతాయి. ఇక్కడ కర్త మనిషి. పైగా క్రియకి 'కొను' చేరింది. తన కోసం తాను చేసుకునే పనికి ఇది చేరుతుంది, అందుకే వ్యాకర్తలు దీన్ని ఆత్మార్థకం అన్నారు.

ఈ 'పెట్టుకొను' ఇంకా వేటికి జతపడుతుందో చూడండి. బొట్టు పెట్టుకుంటాం. ముహూర్తం పెట్టుకుంటాం. కాపురం పెట్టుకుంటాం. బిడ్డకి పేరు పెట్టుకుంటాం. ఆశ పెట్టుకుంటాం. అన్నీ మనిషి ఏరికోరి తన బతుకులోకి తెచ్చుకుని నిలుపుకునేవే. బెంగ చోటు వీటి మధ్య, భయం చోటు చలీ ఆకలీ పక్కన. నిఘంటువులు బెంగకి దిగులు, విచారం అని అర్థం ఇచ్చి ఊరుకుంటాయి. అర్థం తప్పేమీ కాదు గాని, ఆ మాట ఏ మాటల పొత్తులో బతుకుతోందో అందులో కనపడదు.

'పెట్టుకోవడం' అన్నారు కాబట్టి మానేస్తే పోతుందిగా అని కొందరి వాదన. "నువ్వు పెట్టుకుంటున్నావు గనక ఉంది" అని తల్లుల్ని మందలించడానికి ఈ క్రియనే వాడతారు. నేను ఒప్పుకోను. ఆశ కూడా పెట్టుకునేదే. బిడ్డ మీద ఆశ పెట్టుకోవద్దని ఏ తల్లికీ ఎవరూ చెప్పరు. ఆ రెండూ ఒకే రోజు, ఒకే చోట మొదలవుతాయి. ఒకటి ఉంచుకుని రెండోది తీసి పారెయ్యమంటే ఎలా?

క్రియ కన్నా విభక్తి ఇంకా తేటగా చెబుతుంది. నీళ్లంటే భయం అంటాం. పాముకి భయపడతాం. పరీక్షల గురించి దిగులు పడతాం. బెంగ మాత్రం 'మీద' పెట్టుకుంటాం. అమ్మ మీద బెంగ, కూతురి మీద బెంగ, దూరాన ఉన్నవాళ్లకి ఊరి మీద బెంగ. ప్రేమకీ ఇష్టానికీ ఆశకీ ఈ 'మీదే' వస్తుంది. "దాని ప్రాణమంతా ఆ పిల్ల మీదే" అంటాం. కోపానికీ ఇదే వస్తుందనుకోండి, కోపమైనా అయినవాళ్ల మీదే కదా ఎక్కువ. భయం వాక్యంలో ఆపద పేరు ఉంటుంది: గోదావరి, తుఫాను, చీకటి. బెంగ వాక్యంలో ఆపద పేరే ఉండదు, మనిషి పేరుంటుంది. "పిల్ల మీద బెంగగా ఉందే" అని ఒక తల్లి అంటే ఏం జరుగుతుందని ఆమె అనుకుంటోందో ఆ మాటలో వెతికినా దొరకదు. ఉన్నదల్లా పిల్ల.

చుట్టుపక్కల మాటల్ని కూడా ఒకసారి పలకరించాలి. దిగులు మనది మాత్రమే కాదు. తమిళంలో 'తిగిల్' అంటే ఒళ్లు జలదరించే భయం. దయ్యాల సినిమాలని వాళ్లు తిగిల్ సినిమాలంటారు. కన్నడంలో 'దిగిలు' అన్నా హడలే. తెలుగులోకి వచ్చేసరికి ఆ హడలు తగ్గి, మనసులో అలా కూలబడి ఉండిపోయే విచారమైంది. తెలంగాణలో బుగులంటే భయం. కోస్తాలో అక్షరాలు అటూ ఇటూ మారి గుబులు. తెలంగాణ తల్లి రంది పడుతుంది. పాత కావ్యాల్లో బెగడడం, బెగ్గడిల్లడం ఉన్నాయి, రెండూ భయపడడాలే.

జడుపు మరో రకం. చంటిపిల్ల నిద్రలో ఉలిక్కిపడి ఏడిస్తే "జడుసుకుంది" అంటారు. దానికి మందులున్నాయి: ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీస్తారు, సాయంత్రం మసీదు దగ్గరికి తీసుకెళ్లి ఊదించుకొస్తారు, తాయెత్తు కడతారు. కానీ బెంగతో జ్వరం వచ్చిందని తేలితే పెద్దవాళ్లు దిష్టీ తియ్యరు, తాయెత్తూ కట్టరు. "వాళ్లమ్మకి కబురెట్టండి" అంటారు. మా వైపు ముసలమ్మలకి ఈ తేడా ఎవరూ నేర్పలేదు. భయానికీ బెంగకీ చికిత్సలు వేరని మాటే వాళ్లకి చెప్పింది.

నాకు నీళ్లంటే భయం. గౌతమి ఒక పక్క, వసిష్ఠ ఒక పక్క, నడుమ వైనతేయ, దిగువన సముద్రం ఉన్న సీమలో పుట్టి నీళ్లంటే భయమేమిటని అడుగుతారు. నాలుగు వైపులా నీళ్లున్నాయి కాబట్టే. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్లాలంటే చిన్నప్పటి నుంచీ అరచేతులు చెమట పట్టేవి. పంటు కదలగానే నీళ్ల వైపు చూసేదాన్ని, చూడకూడదనుకుంటూనే. కూతురు పుట్టాక అదే పంటు మీద నా చూపు మారింది. నీళ్ల వైపు చూడడం మానేశాను. దాని చెప్పుల వైపు చూసేదాన్ని, తడి బల్లల మీద జారుతుందేమోనని. మోటారు సైకిళ్ల సందుల్లోంచి అది అటూ ఇటూ తిరుగుతుంటే దాని మణికట్టు వదిలేదాన్ని కాదు. అవతలి ఒడ్డు చేరాక చూసుకుంటే నా అరచేతులు పొడిగా ఉన్నాయి. భయం పోయిందని చెప్పలేను. దాన్ని పట్టించుకునే తీరిక లేకపోయింది. పిల్ల లేకుండా ఒక్కదాన్నే పంటు ఎక్కితే మళ్లీ చెమటలు పట్టేవి.

తల్లులు ధైర్యవంతులని పొగుడుతుంటారు. ఆ పొగడ్త నాకు సరిగా ఆనదు. గోదారమ్మంటే హడలిపోయే మనిషే బిడ్డ కోసం నడుములోతు నీళ్లలోకి దిగుతుంది. ఆ దిగడాన్ని బయటి నుంచి చూసినవాళ్లు ధైర్యమన్నారు. లోపల దిగినది బెంగ.

జూలై వస్తే లంకల్లో ఆడవాళ్ల నోట అంకెలు నలుగుతాయి. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరంలో 10 లక్షల క్యూసెక్కులకి ఒకటి, 13కి రెండు, 17కి మూడు. బడికి వెళ్లని అవ్వ కూడా ఈ లెక్క తప్పదు. పి.గన్నవరం వైపు బూరుగులంక, ఊడిమూడిలంక, అరిగెలవారిపేట, జి.పెదపూడిలంక జనానికి వరద వస్తే తాత్కాలికంగా వేసుకున్న బాట కొట్టుకుపోతుంది, ఆపైన పడవే దారి. బడి పిల్లలకీ, పురిటికి వెళ్లే మనిషికీ, పాలక్యానుకీ అదే పడవ. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకి పైగా దిగువకి వదిలారు. 1986 ఆగస్టు వరద అంతకన్నా పెద్దది. అది చూసినవాళ్లు ఇప్పటికీ కాలాన్ని దానికి ముందు, దాని తరవాత అని కొలుస్తారు. 1996 నవంబరు 6 రాత్రి తుఫానులో కొబ్బరితోటలు నేలకొరిగాయి. బలుసుతిప్ప వైపు వేటకి వెళ్లినవాళ్లు ఎందరో తిరిగి రాలేదు. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాసు బావి అంటుకుని రెండు నెలలకి పైగా మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్లో గ్యాసు గొట్టం పేలింది. నీటి పక్కన నిప్పూ చేరింది. ఇంత ఆపద చుట్టూ పెట్టుకున్న చోట భయానికి పేర్లకేం కొదవ లేదు. అయినా ఈ తల్లుల నోట ఎక్కువగా ఆడేది బెంగే.

2018 జూలై 14 గుర్తు తెచ్చుకోవడం కష్టమే గాని, తప్పించి రాయలేను. ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర గౌతమి పాయలో, బడి నుంచి ఇళ్లకి వెళుతున్న పిల్లలున్న నాటుపడవ, కడుతున్న వంతెన స్తంభానికి తగిలి తిరగబడింది. ఆడపిల్లలు గల్లంతయ్యారు. ఆ వంతెన ముందే పూర్తయి ఉంటే ఆ పడవే అవసరం లేదు. ఆ వారం కోనసీమలో ప్రతి తల్లికీ అందరూ ధైర్యం చెప్పారు.

ఇక్కడ ఇంకో నుడికారం ఉంది. తెలుగులో ధైర్యం చెబుతారు. అది నోటితో ఇచ్చేది. భయపడ్డవాళ్లకి అది పనికొస్తుంది కూడా. చీకట్లో నడిచే మనిషికి వెనక నుంచి "నేనున్నా, పద" అన్న మాట చాలు. బెంగకి ఆ మాట చాలదు. బెంగ తీరాలి. భయం పోతుంది, తగ్గుతుంది, వదులుతుంది, బెంగ తీరుతుంది. దాహం తీరినట్టు, అప్పు తీరినట్టు, కోరిక తీరినట్టు. తీరడానికి ఏదో ఒకటి చేతికి అందాలి. నీళ్లిస్తే దాహం, డబ్బు కడితే అప్పు, మనిషి కళ్లబడితే బెంగ. "నిన్ను చూశాక బెంగ తీరింది" అంటారు గాని, "నీ మాటలు విని ధైర్యం వచ్చి బెంగ తీరింది" అని ఎవరూ అనగా నేను వినలేదు. తల్లికి ధైర్యం చెప్పి వచ్చేశామనుకునే ప్రతి ఒక్కరూ, బంధువులైనా అధికారులైనా, ఈ రెండు క్రియల మధ్య తేడా చూడాలని నా కోరిక.

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, మామిడికుదురు వైపు ఊళ్లలో కువైట్, మస్కట్, బహ్రెయిన్, దుబాయ్ అనే పేర్లు కాకినాడంత దగ్గర. అరబ్బుల ఇళ్లలో పనికి ఇక్కడి ఆడవాళ్లు ఏళ్ల తరబడి వెళుతున్నారు. ఎమిగ్రేషన్ క్లియరెన్సు కావాల్సిన పాస్‌పోర్టుతో ఇంటిపనికి వెళ్లే స్త్రీకి 30 ఏళ్లు నిండాలని మన ప్రభుత్వ నిబంధన. పడుచుపిల్లలకి అన్యాయం జరగకూడదని పెట్టినదే అది. అయితే మా వైపు ముప్పై నిండిన ఆడమనిషికి చాలామటుకు బడికి వెళ్లే పిల్లలుంటారు. అంటే ఆ నిబంధన వడకట్టి పంపేది ఎక్కువగా తల్లుల్నే. తన పిల్లల్ని అమ్మ దగ్గరో అత్తగారి దగ్గరో వదిలి, వేరే వాళ్ల పిల్లలకి అన్నం పెట్టడానికి వెళుతుంది. అప్పు తీర్చడానికి వెళ్లి బెంగ తెచ్చుకుంటుంది.

మా వీధిలో అలాంటి ఇల్లొకటి ఉంది. కువైట్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక. ఆ ఇంటి కోడలికి అక్కడ పని తెమిలేసరికి ఇక్కడ అర్ధరాత్రి దాటుతుంది. ఫోను మోగితే అత్తగారు లేచి కూర్చుంటుంది. "లేపకండత్తయ్యా, వాళ్ల మీదకి తిప్పండి చాలు" అంటుంది కోడలు. ఆవిడ దోమతెర ఎత్తి, టార్చి వేసి, నిద్రపోతున్న పిల్లల మీద ఫోను నెమ్మదిగా జరుపుతుంది. "మొహం కాదండీ, మోకాళ్లు చూపించండి" అంటుందట ఆ తల్లి. పిల్లాడు సైకిలు మీంచి పడ్డాడని ఎవరూ చెప్పరని ఆమెకి తెలుసు. చెక్కు కట్టిందా, చీము పట్టిందా, తన కళ్లతో చూసుకుంటుంది. ఆ తరవాత పిల్ల తల. "కాస్త పాయ తియ్యండి, పేలున్నాయా?" అన్నీ చూశాక, "బానే ఉన్నారులెండి, మీరు పడుకోండి" అని పెట్టేస్తుంది. ఈ సంగతి నాతో చెబుతూ ఆ అత్తగారు, "ఆయ్, సగమే తీరుద్దండి బెంగ" అన్నారు. బెంగ సగం తీరడమనే ప్రయోగం నేను అదివరకు వినలేదు. అప్పు సగం తీరుతుంది కాబట్టి బెంగా సగం తీరుతుంది.

ఫోను లేని రోజుల్లో ఆ సగమూ లేదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. అక్కడ చిక్కుకున్న మనవాళ్లని లక్షకి పైగా జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా ఎయిరిండియా విమానాలు నెలల పాటు చేరవేశాయి. ఆ నెలల్లో గల్ఫ్‌లో మనిషి ఉన్న ఇళ్లవాళ్లు పోస్టుమాను కోసం ఎలా చూసి ఉంటారో వేరే చెప్పనక్కర్లేదు. అప్పటి ఉత్తరాల మొదటి మాట ఉభయకుశలోపరి. ఉభయ, కుశల, ఉపరి: ఇరువైపులా క్షేమమన్నాక, ఆపైన. డబ్బు సంగతి, పెళ్లి సంగతి, పొలం సంగతి అన్నీ ఆపైన. మొదట తీర్చవలసినది బెంగ, అదీ రెండు వైపులదీ. తల్లి మీద బిడ్డ, బిడ్డ మీద తల్లి పెట్టుకున్నవి రెండూ ఆ ఒక్క సమాసంలో ఇమిడాయి. సంస్కృతం మాటలే అయినా, నాలుగో తరగతితో బడి మానేసినవాళ్లు కూడా దాన్ని తప్పు లేకుండా రాసేవారు.

మా అమ్మాయి ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. పండక్కి వచ్చి తిరిగి వెళ్లిన రాత్రి, రావులపాలెం దాటాక ఒకటి, తెల్లవారి దిగాక ఒకటి, మెసేజీ పెడుతుంది. "ఎందుకమ్మా అంత భయం" అని అడిగింది ఒకసారి. భయం కాదే, బెంగ అన్నాను. రెండూ ఒకటేగా అంది. ఈ వ్యాసంలో రాసినదంతా దానికి ఫోనులో చెప్పాలని మొదలుపెట్టాను గాని, దానికి ఆఫీసు వేళైంది.