‘కార్మిల్లా’ లాంటి కథ తెలుగులో ఉందా?

మొన్న అశ్వారావుపేటలో ఇంట్లో ఉంటే రాత్రి కరెంటు పోయింది. వెనక పామాయిల్ తోట, అవతల అడవి, చిమ్మచీకటి. మా చెల్లి ఫోన్‌లో ‘కార్మిల్లా’ చదువుతోంది. "అన్నా, ఇలాంటిది తెలుగులో ఉందా? లేక మన వాట్సాప్ పెదనాన్న అన్నట్టు ఇదంతా ఫారిన్ జబ్బేనా?" అంది. నవ్వుతూనే అడిగింది గానీ నవ్వులాటకి అడగలేదు.

ముందు కార్మిల్లా సంగతి. రాసింది ఐర్లండ్ రచయిత షెరిడాన్ లె ఫాను. 1872లో పుస్తకంగా వచ్చింది, డ్రాక్యులా కంటే 25 ఏళ్లు ముందే. అడవిలో కోట, అందులో లారా అనే ఒంటరి పిల్ల. బగ్గీ బోల్తాపడి వాళ్లింట్లో దిగిన కార్మిల్లా. ఇద్దరి మధ్యా మెల్లగా మోహం పెరుగుతుంది, చుట్టుపక్కల ఆడపిల్లలు చనిపోతుంటారు. క్లూ ఎక్కడుందంటే పేరులో! 1698 నాటి పాత చిత్రం మీద ‘మిర్కల్లా’ అని ఉంటుంది. ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో అక్షరాలు అటూ ఇటూ మార్చండి, కార్మిల్లా వచ్చేస్తుంది.

ఇక మనవైపు. 16వ శతాబ్దం, పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’. పద్యకావ్యమే, కానీ నడక పక్కా మిస్టరీ నవల. స్కూల్లో నాకిది రెండు మార్కుల ప్రశ్న, అంతే! కలభాషిణి అనే వేశ్యని ఒక సిద్ధుడు మభ్యపెట్టి సింహమెక్కించి అమ్మవారి గుడికి తీసుకుపోతాడు, బలివ్వడానికి. ఇంకోచోట ఇద్దరు రంభలు, ఇద్దరు నలకూబరులు ఎదురుపడి నేనే అసలంటే నేనే అసలని కొట్లాడుకుంటారు.

అసలు ముడి కళాపూర్ణుడి పుట్టుక. ఆ సిద్ధుడే మణిస్తంభుడు, అతని భార్య సుముఖాసత్తి. ఆవిడ మగవాడై, ఆయన ఆడదై ఆ బిడ్డని కన్నారు. ఇక్కడా క్లూ పేర్లలోనే. ఈ కథ బ్రహ్మ సరస్వతికి చెప్పింది. ఆవిడ అలిగి ముఖం తిప్పుకుంటే అది మణిస్తంభంలో ప్రతిఫలించింది. సుముఖాసత్తి అంటే అందమైన ముఖం దగ్గరవడం. ఒక సరసం మొత్తాన్ని మనుషుల్ని చేసి నడిపించాడన్నమాట!

ఇద్దరమ్మాయిల ప్రేమ ఇందులో లేదు. ఉందని లాగితే అబద్ధం అవుతుంది. కానీ కార్మిల్లాకి సమాధి తవ్వి గుండెలో మేకు దించారు. సూరన ఆడామగా గీత చెరిపి, అలా పుట్టినవాణ్ణి రాజుని చేసి, కావ్యాన్ని నంద్యాల కృష్ణరాజుకి అంకితమిచ్చాడు. చాటుగా రాసుకున్నది కాదది.

చెల్లికి ఇదంతా చెప్తే, "అంటే నేనడిగింది లేదన్నమాట" అంది. కాసేపాగి, "ఇంతకీ కలభాషిణి బతికిందా?" అని అడిగింది. అది వచ్చే ఎపిసోడ్‌లో.