ఎమ్

వెబ్ పేజీలు కట్టేవాళ్లలో చాలామంది ‘ఎమ్’ అంటే ఇంగ్లీషు ఎమ్ అక్షరం వెడల్పు అనుకుంటారు. పేరు అక్కడిదే. కానీ సీసపు అచ్చుల కాలానికే అది టైపు సైజుకు కొలతగా స్థిరపడింది: 12 పాయింట్ల టైపుకు ఎమ్ 12 పాయింట్లే. సీఎస్‌ఎస్‌లోనూ అంతే, పూలమ్మే ఆమె మూర ఆమె చేతిని బట్టి ఉన్నట్టు, ఎమ్ అక్కడున్న అక్షరాల సైజును బట్టి ఉంటుంది. దాని తోబుట్టువు ‘రెమ్’ పేజీ మొత్తానికి మూలమైన సైజును పట్టుకుంటుంది; బ్రౌజర్లలో మామూలుగా అది 16 పిక్సెళ్లు. వరుసల మధ్య ఎడాన్ని పిక్సెళ్లలో బిగించేస్తే, చూపు ఆనని పెద్దవాళ్లు అక్షరాల సైజు పెంచుకోగానే ‘రాష్ట్రం’ ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. తెలుగు పేజీలో ఆ ఎడాన్ని దయచేసి ఎమ్‌లోనో, యూనిట్ లేని అంకెగానో ఇవ్వండి.