గంజాయి పోయి గంజు వచ్చింది

'స్ట్రేంజర్ థింగ్స్' నాలుగో సీజన్ చూసినవాళ్ళకి ఆర్గైల్ గుర్తుండే ఉంటాడు. పొడుగు జుట్టు, పిజ్జా వ్యాను, ఎప్పుడూ గంజాయి మత్తు. ఆ వ్యానులో మోగే పాట 'పాస్ ది డచీ'. 2022లో నాలాంటివాళ్ళు చాలామంది ఆ పాటని మొదటిసారి విన్నది అక్కడే. విని, ఇది గంజాయి పాట అని ఫిక్సయిపోయాం.

ఆ వానాకాలం వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని తిరుమలాయపాలెంలో అమ్మమ్మ వాళ్ళింట్లో ఉన్నాను. కోడ్ బిల్డ్ అయ్యేలోపు అదే పాట మళ్ళీ మళ్ళీ పెట్టుకుంటుంటే, "పొద్దుట్నుంచి అదే మోగుతుంది, ఏం పాటరా అది?" అంది అమ్మమ్మ. డచీ అంటే ఏమిటో అప్పుడే వెతికి చూశాను. జమైకా యాసలో అది మందపాటి వంటపాత్ర పేరు. 'డచ్ పాట్' అన్న ఇంగ్లీషు మాట జనం నోట్లో నలిగి అలా అయింది. మా వైపు మాటలో చెప్పాలంటే గంజు.

"గంజు గురించి పాట అమ్మమ్మా."

"గంజు మీద గూడా పాటలు కడతారా? అందులో ఏం వండారంట?"

నా దగ్గర జవాబు లేదు. దానికోసం వెతుక్కుంటూ పోతే దొరికిన కథ ఇది.

పాట పాడిన బృందం పేరు మ్యూజికల్ యూత్. 1979లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో, డడెస్టన్ మేనర్ అనే బడిలో మొదలైంది. అందులో అన్నదమ్ముల జంటలు రెండు: మైకేల్, కెల్విన్ గ్రాంట్ ఒక జంట, జూనియర్, పాట్రిక్ వెయిట్ ఇంకో జంట. వెయిట్ పిల్లల తండ్రి ఫ్రెడరిక్ జమైకాలో 'ద టెక్నిక్స్' బృందంలో పాడినవాడు. మొదట్లో ఈ పిల్లల ముందు నిలబడి పాడింది కూడా ఆయనే. 1981లో ఒక చిన్న కంపెనీ వాళ్ళ మొదటి రికార్డు వేసింది. తర్వాత ఎమ్‌సీఏ కంపెనీ వచ్చేసరికి పెద్దాయన తప్పుకున్నాడు, డెన్నిస్ సీటన్ అనే కుర్రాడు గాయకుడయ్యాడు. 1982 సెప్టెంబరులో 'పాస్ ది డచీ' విడుదలైనప్పుడు అందరిలో చిన్నవాడు కెల్విన్‌కి 11 ఏళ్ళు. డెన్నిస్‌కి 15.

పాట వాళ్ళది కాదు. 1981లో జమైకా బృందం మైటీ డైమండ్స్ 'పాస్ ది కౌచీ' అని ఒక పాట చేసింది. కౌచీ అంటే గంజాయి పీల్చే చిలుము. ఆ పాట కూడా మొత్తం వాళ్ళది కాదు. దాని కింద నడిచే బాణీ 'ఫుల్ అప్', కింగ్‌స్టన్‌లోని స్టూడియో వన్‌లో అంతకు చాలా ముందే వాయించిన సంగీతం. ఇలా ఒకే బాణీ మీద ఎవరి మాటలు వాళ్ళు కట్టుకోవడాన్ని జమైకాలో 'రిడిమ్' పద్ధతి అంటారు. ఇది మనకేం కొత్త కాదు. బతుకమ్మ పాటల్లో ఒకే వరసకి వాడకో మాట ఉంటుంది. నాట్లేసేటప్పుడు పాడిన వరస రేపు ఊరేగింపులో వినిపిస్తుంది, ఎల్లుండి సినిమాలో. ఇది కాపీ అని మన ఊళ్ళల్లో ఎవరూ అనరు.

అయితే పదకొండేళ్ళ పిల్లాడు గంజాయి చిలుము పాట పాడితే రేడియో వాళ్ళు వెయ్యరు. కాబట్టి కౌచీ తీసేసి డచీ పెట్టారు. గంజాయి ఆకు లేకపోతే ఎలా ఉంటుందని అడిగే చోట తిండి లేకపోతే ఎలా ఉంటుందని మార్చారు. నా భాషలో చెప్పాలంటే ఇది ఫైండ్ అండ్ రీప్లేస్. అలాంటి పనుల్లో ఎక్కడో ఒకచోట పాత ముక్క మిగిలిపోతుంది కదా, ఇక్కడా మిగిలింది. చేతికొచ్చినదాన్ని ఎడమవైపు అందించమనడం చిలుము చుట్టూ కూర్చున్నవాళ్ళ మర్యాద. అది అలాగే ఉండిపోయింది. మన బంతిలో కూర్చున్నవాడెవడూ అన్నం గంజుని ఎడమపక్కకి తొయ్యడు.

ఈ మార్పు గురించి చదివినప్పుడు మొదట చిరాకేసింది. పెద్దవాళ్ళ పాటని కడిగి, పిల్లల పాట చేసి, బజార్లో పెట్టారనుకున్నాను. తర్వాత ఆ ఏడాది లెక్కలు చూశాను. 1982 జనవరికి బ్రిటన్‌లో నిరుద్యోగులు 30 లక్షలు దాటారు. అంతకు ముందు ఏడాదే లండన్‌లోని బ్రిక్స్టన్, ఈ పిల్లల ఊరు బర్మింగ్‌హామ్‌లోని హ్యాండ్స్‌వర్త్, ఇంకా చాలా నగరాలు అల్లర్లతో తగలబడ్డాయి. పోలీసుల వేధింపులు, దొరకని పనులు నల్లవాళ్ళ పేటల్లో రోజూ ఉన్నవే. ఆ పేటల నుంచి వచ్చిన పిల్లలు తిండి లేకపోతే ఎలా ఉంటుందని అడిగితే అది కడిగేసిన మాట ఎలా అవుతుంది? చిలుము పాటలో లేని ప్రశ్న గంజు పాటలోకి వచ్చింది. రేడియోకి భయపడి మార్చిన మాట, రేడియోలో అంతవరకు పెద్దగా వినపడని సంగతిని వినిపించింది. ఎవరూ కావాలని చేసింది కాదు. అయినా జరిగింది.

వీడియో తీసిన డాన్ లెట్స్‌కి ఇది అర్థమైందనే నాకనిపిస్తుంది. జమైకా నుంచి వచ్చిన కుటుంబంలో లండన్‌లో పుట్టినవాడతను. పిల్లల్ని థేమ్స్ ఒడ్డున నిలబెట్టి, అవతలి ఒడ్డున పార్లమెంటు కనపడేలా తీశాడు. మధ్యమధ్యలో కోర్టు సీన్లు. ఒకసారి సౌండ్ తీసేసి చూడండి, పార్లమెంటు ముందు వాయిద్యాలతో ధర్నాకి దిగినట్టుంటుంది.

అక్టోబరు మొదట్లో పాట బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. మూడు వారాలు అక్కడే ఉంది. అమెరికాలో పదో స్థానం దాకా వెళ్ళింది. ఎంటీవీ నల్లవాళ్ళ పాటలు వెయ్యడం లేదని గొడవ నడుస్తున్న రోజుల్లో, మైకేల్ జాక్సన్ 'బిల్లీ జీన్' కంటే ముందే ఆ చానెల్లో కనపడింది. 1984 గ్రామీల్లో ఉత్తమ కొత్త కళాకారుల విభాగంలో నామినేషన్ కూడా వచ్చింది.

మాటల విషయంలో ఇంకో మెలిక ఉంది. గంజాయిని జమైకాలోనూ 'గంజా' అనే అంటారు. 1845 నుంచి చెరకు తోటల్లో పనికి మన దేశం నుంచి తీసుకెళ్ళిన కూలీలతో పాటు వెళ్ళిన మాట అది. 1913లో అక్కడి ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఇప్పటికీ భద్రాచలం వైపు చెక్‌పోస్టుల్లో పోలీసులు బండ్లాపి వెతికేది ఆ సరుకు కోసమే. ఆ సరుకునే పాటలోంచి తీసేసి, దాని చోట వంటపాత్రని పెట్టారు. ఆ రెండూ మన తెలుగులో పక్కపక్కనే ఉన్నాయి. గంజాయి, గంజు.

కానీ తీసేసిన పొగ మళ్ళీ వచ్చేసింది. ఇంగ్లీషు యాసలో ఇప్పుడు డచీ అంటే గంజాయి చుట్ట అన్న అర్థం కూడా ఉంది. అందుకే ఆర్గైల్ వ్యానులో ఆ పాట అంత బాగా అతికింది. మాట మార్చినవాళ్ళు నలభై ఏళ్ళకి ఓడిపోయారు. నాకు బాధనిపించింది మాత్రం పొగతో పాటు ఆకలి కూడా పాటలోంచి ఎగిరిపోయినందుకు.

ఆ సీజన్ వచ్చింది 2022 మే 27న. అంతకు రెండు నెలల ముందు, మార్చి 29న, మైటీ డైమండ్స్ గాయకుడు ట్యాబీ షా కింగ్‌స్టన్‌లో కాల్పుల్లో చనిపోయాడు. మూడు రోజులకే ఆ పాట రాసినవాళ్ళలో ఒకడైన బన్నీ సింప్సన్ పోయాడు. పాట మళ్ళీ చార్టుల్లోకి ఎక్కుతున్న ఆ జూలైలోనే డ్రమ్స్ వాయించిన జూనియర్ వెయిట్ కూడా.

దసరాకి మళ్ళీ ఊరెళ్ళినప్పుడు అమ్మమ్మకి చెప్పాను. "ఆ గంజులో ఏమీ వండలేదు అమ్మమ్మా. ఖాళీ గంజు. తిండి లేకపోతే ఎట్లా ఉంటదని పిల్లలు అడిగే పాట."

ఆమె బియ్యంలో రాళ్ళేరుతూ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మరి ఆ పిల్లలకి ఎవరన్నా ఇంత పెట్టారా?" అంది.

రాసినవాళ్ళ పేర్లలో ఈ పిల్లల పేర్లు లేవని, 1985కల్లా బృందం విడిపోయిందని, బేస్ గిటార్ వాయించిన పాట్రిక్ 1993లో గుండెజబ్బుతో చనిపోయాడని చెప్పాను.

"ఎన్నేళ్ళు?"

"ఇరవై నాలుగు."

ఆమె చాటని పక్కన పెట్టి, అన్నానికి లెమ్మంది.